కొత్త గేమ్‌కు మొదటి పెట్టుబడి ఎవరు పెట్టాలి?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చినప్పటి నుంచి మన పత్రికల్లో గేమ్‌ల మీద చర్చ అంతా డబ్బు పందేలు, అప్పులు, పిల్లల చదువుల చుట్టూనే తిరుగుతోంది. ఆ చర్చ అవసరమే. పందేల యాప్‌ల వల్ల చితికిపోయిన కుటుంబాలు మా ఉత్తర తెలంగాణ పల్లెల్లోనూ ఉన్నాయి. అయితే పందేలను నిషేధించిన ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌నూ (వీడియో గేమ్‌ల పోటీలనూ), విద్యకూ వినోదానికీ పనికొచ్చే గేమ్‌లనూ ప్రోత్సహించాలని కూడా చెబుతోంది. ఈ రెండో భాగం గురించి మాట్లాడేవారు తక్కువ. పందెం లేకుండా, కొత్త ఊహతో గేమ్ తయారుచేయాలనుకునే మన యువతకు అండగా నిలిచే పబ్లిషర్లు ఎందుకు దొరకడం లేదో, హనుమకొండలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్న వ్యక్తిగా మీ పాఠకుల ముందు ఉంచదలచుకున్నాను.

గేమ్ పబ్లిషర్ అంటే కేవలం దాన్ని అంగట్లో పెట్టి అమ్మిపెట్టే సంస్థ కాదు. గేమ్ తయారవుతున్న నెలల్లో జీతాలకు అడ్వాన్సు ఇవ్వడం, పని పూర్తయిన కొద్దీ విడతలుగా డబ్బు విడుదల చేయడం, లోపాలను పరీక్షించడం, ఇతర భాషల్లోకి, ఇతర యంత్రాలకు మార్చడం, ప్రచారం చేయడం దాని పని. అమ్మకాలు మొదలయ్యాక ముందుగా తన అడ్వాన్సును రాబట్టుకుని, ఆ తరువాతే తయారుచేసినవారికి వాటా ఇస్తుంది. కాబట్టి ఏ గేమ్ పుట్టాలో, ఏది కాగితం మీదే ఆగిపోవాలో చాలా వరకు నిర్ణయించేది ఆ సంస్థే.

మా విద్యార్థులు కొందరు చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒక గేమ్ నమూనా చేశారు. ఆడేవారు అందులో కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల కింద పొలాలకు నీళ్లు పంచే నీరటి. ఎప్పుడు తూము తీయాలి, ఎంత సేపు తీసి ఉంచాలి, వాన ముఖం చాటేసిన ఏడు ఆయకట్టు మొదట ఉన్న పొలానికి ఎంత, చివరి పొలానికి ఎంత అన్నదే ఆట. శత్రువు లేడు, తుపాకి లేదు. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది ఊరు బతుకుతుంది; పై ఊరివారి మాట విని నీళ్లు ఆపితే కింది ఊరి మనిషి వచ్చి గట్టు మీద నిలబడి అడుగుతాడు, అతనికి ఏదో ఒక జవాబు చెప్పాలి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు చూసి పెరిగిన పిల్లలకు తప్ప ఈ ఊహ మరొకరికి రావడం కష్టమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఆ నమూనాను వారు ఒక పబ్లిషర్ ప్రతినిధికి చూపినప్పుడు ఎదురైన మొదటి ప్రశ్న, ఇలాంటి గేమ్ ఇంతకు ముందు ఏది వచ్చింది, అది ఎంత సంపాదించింది అని. కొత్త దర్శకుడి దగ్గర బయ్యర్ ముందుగా హీరో ఎవరని అడిగినట్టే ఇది. ఈ పరిశ్రమలో పెట్టుబడి కమిటీ ముందుకు వెళ్లే ప్రతి ప్రతిపాదన వెంటా పోలికకు నాలుగైదు పాత గేమ్‌ల పేర్లూ, వాటి అమ్మకాల అంచనాలూ జతచేయడం ఆనవాయితీ. నిజంగా కొత్తదైన గేమ్‌కు ఆ పోలిక ఉండదు. ఉంటే అది కొత్తది కాదు. అంటే కమిటీలో ఎవరికీ ఆ గేమ్ మీద అయిష్టం లేకపోయినా, అందరికీ నచ్చినా, లెక్కల పట్టికలో ఆ గడి ఖాళీగా ఉన్నందుకే ప్రతిపాదన పక్కకు పోతుంది. మొబైల్ గేమ్‌ల విషయంలో వడపోత మరింత తొందరగా జరుగుతుంది. చిన్న ప్రకటన ఒకటి వదిలి, ఒక్కొక్కరూ గేమ్‌ను ఫోన్‌లోకి దించుకునేలా చేయడానికి ఎంత ఖర్చయింది, దించుకున్నవారిలో మరుసటి రోజు ఎందరు మళ్లీ తెరిచారు అని లెక్కకడతారు. చూడగానే అర్థమయ్యే గేమ్‌కు ఈ పరీక్ష అనుకూలం. నిదానంగా మనసుకు ఎక్కే గేమ్ అందులో నెగ్గడం అరుదు.

పబ్లిషర్లను దుర్మార్గులుగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. అమెరికా కోర్టులో 2023లో బయటపడిన పత్రాల ప్రకారం సోనీ తీసిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’కు 22 కోట్ల డాలర్లు, అంటే అప్పటి మారకం రేటు ప్రకారం దాదాపు 1,800 కోట్ల రూపాయలు ఖర్చయ్యాయి. ఇంత సొమ్ము ఒకే గేమ్ మీద ఉన్నప్పుడు, వందల మంది జీతాలు దానితో ముడిపడి ఉన్నప్పుడు ఎవరికైనా భయం సహజం. నా అభ్యంతరమల్లా ఆ భయం వారిని తీసుకుపోతున్న దారి మీదనే. నిరూపితమైన పద్ధతిని అనుసరిస్తే నష్టం రాదన్న నమ్మకం కూడా నిలబడలేదు. అప్పటికే జనాదరణ ఉన్న షూటింగ్ గేమ్‌ల కోవలో సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన ‘కాంకార్డ్’ను ఆడేవారు లేక సెప్టెంబరు 6నే ఉపసంహరించి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారు, దాన్ని తయారుచేసిన స్టూడియో కూడా ఆ ఏడాదే మూతబడింది. పాతదాన్ని అనుకరించడం కూడా జూదమే. కాకపోతే ఆ జూదంలో ఓడినవారిని కమిటీ నిలదీయదు.

సాహసాన్ని తెలివిగా మోసిన పబ్లిషర్లు లేకపోలేదు. అమెరికాలోని డిజిపెన్ కళాశాల విద్యార్థులు 2005లో ‘నార్బాక్యులర్ డ్రాప్’ అనే ప్రాజెక్టు చేశారు. గోడకు ఒకచోట ద్వారం తెరిస్తే మరోచోట బయటకు వచ్చే వింత ఊహ అందులోని ప్రాణం. దాన్ని చూసిన వాల్వ్ అనే గేమ్‌ల సంస్థ ఆ విద్యార్థుల బృందాన్ని ఉద్యోగాల్లోకి తీసుకుంది. అదే 2007లో ‘పోర్టల్’ అయింది. ఇక్కడ గమనించవలసింది వాల్వ్ ఔదార్యం ఒక్కటే కాదు. ఆ గేమ్‌ను చిన్నదిగానే ఉంచి, అప్పటికే పేరున్న తన ఇతర గేమ్‌లతో కలిపి ఒకే పెట్టెలో అమ్మింది; ఆ గేమ్ జనానికి నచ్చకపోయినా పెట్టె అమ్ముడుపోయేది. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. సంగీతపు తాళానికి తగ్గట్టు పోరాటం సాగే ‘హై-ఫై రష్’ 2023లో ఎంతో మెప్పు పొందినా, దాన్ని చేసిన టోక్యో స్టూడియోను మూసివేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2024 మేలో ప్రకటించింది. కొద్ది నెలలకే ఆ స్టూడియోను చేరదీసినది క్రాఫ్టన్, మన కుర్రకారు బీజీఎంఐ అని పిలుచుకునే గేమ్‌ను నడిపే కొరియా కంపెనీ. డబ్బున్న ఒకరికి భారమైనది డబ్బున్న మరొకరికి అక్కరకు వచ్చింది.

ఇప్పుడు పబ్లిషర్ అవసరమే లేదు, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ వేదికలో 100 డాలర్ల రుసుము కట్టి ఎవరైనా గేమ్ పెట్టుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అంటారు. తలుపు తెరిచే ఉందన్న మాట వాస్తవం. కానీ 2024 ఒక్క ఏడాదే ఆ వేదికలో 18 వేలకు పైగా గేమ్‌లు విడుదలయ్యాయి. అంతమందిలో కనబడాలంటే ప్రచారం కావాలి, అంతకు ముందు గేమ్ పూర్తయ్యే దాకా ఇంట్లో పొయ్యి వెలగాలి. పొలమో, చిన్న కిరాణా దుకాణమో ఆధారంగా పిల్లలను బీటెక్ చదివించిన తల్లిదండ్రులను, ఇంకో రెండేళ్లు జీతం లేకుండా ఆగమని ఏ కొడుకు, ఏ బిడ్డ అడగగలరు?

మన దేశంలో ఈ బాధ మనకొక్కరికే కాదు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ సంస్థ ‘రాజీ’ అనే గేమ్ కోసం ప్రజల నుంచి విరాళాలు సేకరించబోతే ఆ ప్రయత్నం విఫలమైంది. అమెరికా కంపెనీ ఎపిక్ గేమ్స్ ఇచ్చిన గ్రాంటు ఆదుకోవడంతో ఆ గేమ్ 2020లో వెలుగు చూసింది. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి విదేశీ గేమ్ కంపెనీల స్టూడియోలు ఉన్నాయి, మా వరంగల్ పిల్లలు అలాంటి చోట్ల పనిచేస్తున్నారు. నైపుణ్యానికి కొరత లేదు. ఏ గేమ్ చేయాలన్న నిర్ణయం మాత్రం ఇక్కడ జరగడం లేదు.

అలాస్కాలో ఇనుపియాక్ ప్రజల కథతో 2014లో వచ్చిన ‘నెవర్ ఎలోన్’ను ఈ సందర్భంలో ప్రత్యేకంగా గుర్తుచేయాలి. కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే గిరిజన సంస్థే అందుకు పూనుకుని పెట్టుబడి పెట్టింది. పెద్దలు, కథలు చెప్పేవారు తయారీలో పాల్గొన్నారు, కథనం వారి సొంత భాషలోనే సాగుతుంది. ఒగ్గు కథ, చేర్యాల పటం, మేడారం చుట్టూ కోయలు తరతరాలుగా చెప్పుకునే గాథలు ఉన్న ప్రాంతం ఆ ఉదాహరణను పట్టించుకోకపోతే చాలా పోగొట్టుకుంటుంది. ఆ గాథలు ఎవరివో వారిని అడగకుండా, వారికి వాటా ఇవ్వకుండా వాడుకోరాదన్నది కూడా ఆ గేమ్ నుంచే మనం నేర్చుకోవలసిన పద్ధతి.

మన రాష్ట్రం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగానికి ఇమేజ్ పాలసీ ప్రకటించింది, 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన జరిగింది. భవనాలు అవసరమే, కానీ భవనం కన్నా ముందు మనిషికి కొన్ని నెలల వెసులుబాటు కావాలి. ఐదుగురి బృందానికి తలా 20 వేల రూపాయల చొప్పున ఎనిమిది నెలలు భృతి ఇస్తే 8 లక్షలు అవుతాయి. బొమ్మలకు, సంగీతానికి, యంత్రాలకు మరో 2 లక్షలు కలిపినా 10 లక్షలకు ఒక నమూనా చేతికి వస్తుంది. ఏటా పది బృందాలకు ఇలా ఇస్తే కోటి రూపాయలు. అందులో ఎనిమిది నిలబడకపోవచ్చు. ఈ సంగతిని మొదటే ఒప్పుకుని, నిలబడని వాటికి సంజాయిషీ అడగని పథకం కావాలి, ఎందుకంటే పబ్లిషర్ భయపడేది సరిగ్గా ఈ దశకే. ఆడి చూడగలిగిన నమూనా చేతిలో ఉంటే అతని ఖాళీ గడిలో రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

కాబట్టి ఐటీ శాఖ వారిని నేను కోరేది ఇది: ఈ సహాయంలో కొంత భాగాన్ని హైదరాబాదు బయటి జిల్లాలకు కేటాయించండి; ఎంపిక సంఘంలో అధికారులతో పాటు స్వయంగా గేమ్‌లు చేసినవారినీ, జానపద కళాకారులనూ కూర్చోబెట్టండి; పోలిక చూపమన్న నిబంధనను దరఖాస్తు నుంచి తొలగించండి; గేమ్ మీద హక్కులు తయారుచేసినవారికే ఉండేలా ఒప్పందం రాయండి. మడికొండ ఐటీ పార్కులో ఇందుకోసం ఒక గది కేటాయిస్తే, సెలవు రోజుల్లో వచ్చి విద్యార్థులకు మార్గదర్శనం చేయడానికి నాతో పాటు మరికొందరు అధ్యాపకులు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు,
హనుమకొండ.