నొప్పి మాత్రలతో జీర్ణాశయానికి ముప్పు

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడి పరిసర గ్రామాల్లోని మన తెలుగువారు నాట్ల రోజుల్లో నడుము నొప్పికి కిరాణా కొట్టులోనే డైక్లోఫెనాక్ మాత్ర కొని, పరగడుపున మింగి పొలానికి వెళ్లడం నన్ను కలవరపెడుతోంది. జీర్ణాశయంలో ఆమ్లం పీహెచ్ (ఆమ్ల తీవ్రతను తెలిపే కొలత; తగ్గేకొద్దీ తీవ్రత ఎక్కువ, 7 అంటే తటస్థం) 1–2 స్థాయిలో ఉన్నప్పటికీ, లోపలి గోడను కప్పి ఉంచే జిగురు పొర, అందులోకి ఊరే బైకార్బొనేట్ అనే ఆమ్లాన్ని విరిచే పదార్థం కలిసి గోడను ఆనుకుని ఉన్నచోట పీహెచ్‌ను దాదాపు 7కు చేరుస్తాయి. ఈ రక్షణను నిలబెట్టేవి శరీరంలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఆస్పిరిన్ వంటి మందులు వాటి తయారీనే అడ్డుకుంటాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో నిరూపించారు; డైక్లోఫెనాక్ కూడా ఆ కోవకు చెందినదే. మందు రక్తంలో కలిశాక కూడా ఈ ప్రభావం ఉంటుంది కనుక, అన్నం తిన్నాక వేసుకున్నా ముప్పు పూర్తిగా తప్పదు. మలం తారులా నల్లగా వస్తే లోపల రక్తస్రావం జరుగుతున్నట్లు అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిరాణా కొట్లలో ఈ మాత్రల అమ్మకాన్ని అధికారులు అరికట్టాలి. ఆరోగ్య కేంద్రాల్లో ఈ హెచ్చరికను ఒడియాతోపాటు తెలుగులోనూ రాయించాలి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా