సర్దుకుపొమ్మంటే షుగర్ తగ్గదు

సంపాదకులు గారికి,

ఒక కుటుంబ సలహా కేంద్రంలో పదకొండేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. విడాకుల దాకా వచ్చిన జంటలు కట్నం గురించీ, అత్తగారి గురించీ, ఫోన్ల గురించీ గంటసేపు చెబుతారు. అసలు సంగతి, అంటే పడకగదిలోని ఇబ్బంది, మాత్రం లేచి వెళ్లేటప్పుడు, గుమ్మం దగ్గర, ఒక్క ముక్కలో బయటపడుతుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. నాలుగేళ్ల కిందట ఒక జంట వచ్చారు. భర్త ఏడాదిగా దగ్గరికి రావడం లేదు, బయట ఎవరో ఉన్నారని ఆమె అనుమానం. ఆయన తల వంచుకుని చేతిలో టోకెన్ కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు లేచి నీళ్లు తాగాడు, ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాడు. చూశాను కానీ నాకు తట్టలేదు. మూడు సిట్టింగులూ 'మనసు విప్పి మాట్లాడుకోండి' అనే చెప్పి పంపాను. తర్వాత కాలి పుండు మానక ఆస్పత్రికి వెళితే షుగర్ 300 దాటిందని తేలింది.

అంగస్తంభన తగ్గడానికి షుగర్, బీపీ కారణం కావచ్చు. బీపీకి, డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలూ కావచ్చు. గుండెజబ్బు కంటే ముందు కనపడే గుర్తు కూడా ఒక్కోసారి ఇదే. అందుకే ఇప్పుడు సిగ్గుపడకుండా అడుగుతున్నాను: ఎప్పటి నుంచి? తెల్లవారుజామున స్తంభన ఉంటోందా? కొత్తగా ఏం మందులు వాడుతున్నారు? ఆడవాళ్లనైతే ముందు నొప్పి గురించి అడుగుతాను. కలయిక అనగానే కండరాలు బిగుసుకుపోయి విలవిల్లాడే అమ్మాయికి 'అదే అలవాటవుతుంది' అని చెప్పడం అన్యాయం. ఆమెను గైనకాలజిస్టు చూడాలి, దానికి చికిత్స ఉంది. చిన్నప్పటి లైంగిక వేధింపు బయటపడితే సైకియాట్రిస్టు దగ్గరికో, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో పంపాలి.

అలాగని అందరికీ చీటీ రాసి వదిలించుకోమనడం లేదు. హస్తప్రయోగం వల్ల బలం పోయిందని బెంగపడే కుర్రాడికి సరైన సమాచారం చాలు. ఒకే గదిలో అత్తమామలతో పాటు పడుకునే దంపతులకు డాక్టరు ఏం చేస్తారు? జాక్ ఆనన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1970లలోనే ఈ పనిని నాలుగు మెట్లుగా చూపించాడు: మాట్లాడనివ్వడం, కొంత సమాచారం ఇవ్వడం, సూచనలు చెప్పడం, ఆపైన చికిత్స. మొదటి రెండూ మా పనే. మూడోదానికే శిక్షణ కావాలి, నాలుగోది నిపుణులకే వదలాలి.

మేం పంపకపోతే వాళ్లు ఎక్కడికి పోతారో బస్టాండు గోడలే చెబుతాయి. 'గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం, ఫలానా లాడ్జి, ఫలానా రూమ్'. ఇలాంటి ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే చట్టం వచ్చింది. మైదా అంటించిన తడి ఇంకా ఆరని పోస్టరును మొన్న సోమవారం కూడా చూశాను.

ప్రతి సలహా కేంద్రానికీ దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఏ డాక్టరు ఓపీ ఏ రోజు, ఏ గదిలో ఉంటుందో రాసిన కాగితం ఒకటి అధికారులు పంపాలి. మా దగ్గర నేనే చేత్తో రాసి బీరువా తలుపుకి అంటించాను. ఓపీ వేళలు మారినప్పుడల్లా కొట్టేసి తిరగరాస్తున్నాను.

– ఒక ఫ్యామిలీ కౌన్సెలర్, ఏలూరు