నాయన లేచి నడుస్తున్నాడు, మీ బొమ్మలు వస్తున్నాయి

అందరికీ నమస్కారం. నాయన ఇప్పుడు వాకర్ వదిలేసి చేతికర్రతోనే వాకిలి దాకా నడుస్తున్నాడు. ఈ మాట బంధువుల కన్నా ముందు మీకే చెప్పాలనిపించింది.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం కొంచెం చెప్తాను. మా నాయన అనంతపురంలో అంగళ్ల బోర్డులు, గోడల మీద అక్షరాలు రాస్తాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని బాగా తగ్గింది, అయినా బ్రష్ వదల్లేదు. ఈ ఎండాకాలం ఒక గోడ రాస్తూ నిచ్చెన మీద నుంచి జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ ఖర్చు చాలావరకు ప్రభుత్వ పథకంలోనే పోయింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మందులు, ఫిజియోథెరపీ, ఇంటి బాడుగ, పైగా నాయన సంపాదన లేని నెలలు. నేను వేసిన పాత బొమ్మలు కొన్ని ఇక్కడ పెట్టి, కావాల్సినవాళ్లు కొనుక్కోండని అడిగింది ఆ టెన్షన్‌లోనే.

మీలో ఎవరూ జాలిపడి డబ్బు పంపి ఊరుకోలేదు. ఏ బొమ్మ కావాలో, ఎంత కొలతలో కావాలో, ఏ గోడకు పెట్టుకుంటారో చెప్పి మరీ పంపారు. ఆ రోజుల్లో అది నాకు ఎంత ధైర్యమిచ్చిందో మాటల్లో పెట్టలేను. కడప అక్క ఒకామె గండికోట కావాలన్నారు. "అందరూ వేసే పెన్న లోయ వద్దు పాపా, మాధవరాయస్వామి గోపురం, జామియా మసీదు రెండూ ఒకే కాగితం మీద కనబడాల" అన్నారు. ఆ మాట వల్లే కోట లోపలి రాళ్లను, గోడలను శ్రద్ధగా చూడటం నేర్చుకున్నాను. నాకు మనసుకు నచ్చిన వాటర్ కలర్ అదే.

లేపాక్షి బొమ్మల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. హిందూపురం అన్న ఒకాయన తన బండిలో తీసుకుపోయి, సాయంత్రం దాకా ఓపిగ్గా కూర్చున్నాడు. వీరభద్రాలయం నాట్యమండపం పైకప్పు కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడి స్కెచ్‌లు వేసుకున్నాను. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో ఆ పైకప్పు మీద వేసిన బొమ్మలవి. పార్వతి పెళ్లి, వటపత్రశాయి, ఒక్కో ఆడమనిషి చీర మీద ఒక్కో రకం డిజైను. కొన్నిచోట్ల రంగు రాలిపోయింది, కానీ బొమ్మ చుట్టూ తిరిగిన నల్ల గీత ఇంకా గట్టిగా నిలబడి ఉంది. స్కెచ్‌లు తెచ్చి చూపిస్తే నాయన మంచం మీద నుంచే, "నువ్వు మణికట్టుతో గీస్తాండావు. భుజం నుంచి లాగు, గీత వణకదు" అన్నాడు. బోర్డులు రాసేవాళ్ల పద్ధతి అది. ఆ రోజు నుంచి నా గీత మారింది. పడినప్పటి నుంచి ముభావంగా ఉన్న మనిషి, అప్పటి నుంచి రోజూ నా బొమ్మలు అడిగి చూస్తున్నాడు.

నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే పెద్దాయనకు ప్రత్యేకంగా దండం పెట్టాలి. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారి ఊరు అది. ఆ పెద్దాయన పైసా తీసుకోకుండా మేకతోలు మీద రంగు ఎలా వేయాలో చూపించారు. వెనక నుంచి దీపం వెలుగు పడితే రంగు నిండుగా కనబడాలి కాబట్టి రెండు పక్కలా వేస్తారు. నగల కోసం చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. నేను చేసిన హనుమంతుడు ఇంకా పూర్తి కాలేదు.

ఆపరేషన్ రోజు రక్తమిచ్చిన కుర్రాళ్లకు, ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించిన ఫిజియోథెరపీ అన్నకు, అమ్మ నాయనకు తోడుగా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రాగి సంగటి, పప్పు పంపిన పక్కింటి పిన్నికి, "డబ్బులు తర్వాత చూద్దాంలే" అంటూ ఫ్రేములు కట్టిచ్చిన టవర్ క్లాక్ దగ్గరి మామకు నా నమస్కారాలు. మామ బాకీ ఈ నెలలో తీరిపోయింది, అది కూడా మీ వల్లే.

గండికోట బొమ్మ కడపకు చేరింది. లేపాక్షివి దసరాలోపు పంపుతాను. తోలు మీద అడిగినవాళ్లు ఇంకొంచెం ఓపిక పట్టండి, అది తొందరపడితే చెడిపోయే పని. ఇల్లు మారినవాళ్లు కొత్త అడ్రస్ మెసేజ్ చేయండి. పార్సిళ్ల మీద పేర్లు తానే బ్రష్‌తో రాస్తానని నాయన రంగు డబ్బాలు తీయించాడు, కాబట్టి మీ పేరు తెలుగులో ఎలా రాయాలో కూడా పంపండి.