బూటు చిరిగిన రోజే గ్రీజు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక వాహనాల పేజీలో, బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తుంటే సీవీ జాయింటులో (ఇంజను శక్తిని ముందు చక్రానికి అందించే షాఫ్టు చివర, వంగి తిరిగే కీలులో) గ్రీజు అయిపోయినట్టేనని, ఇంట్లోనే కొత్త గ్రీజు పట్టిస్తే ఆ చప్పుడు పోతుందని రాశారు. మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండో మాట నమ్మి ఎవరైనా ఒక సెలవు రోజును, గ్రీజు డబ్బునూ పోగొట్టుకుంటారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లారీల్లో గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుకు, అంటే దాని వంగే కీలుకు, సాధారణంగా గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంటుంది. ఆటోనగర్‌లో ఏ కుర్రవాడైనా గ్రీజు గన్ పెట్టి నాలుగు పోట్లు కొడితే పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది లోపలికి పోతుంది. అంబాసిడర్, ఫియట్ కార్ల మీద పని నేర్చిన పాతకాలపు మేస్త్రీలకు అలవాటైన పద్ధతి అదే. ఆ కార్లు వెనక చక్రాలతో నడిచేవి. 1983లో మారుతి 800 వచ్చిన తరువాత, బండిని లాగడమూ మలుపు తిప్పడమూ రెండూ ముందు చక్రాల పనే అయిన కార్లు మన ఇళ్ల ముందు నిలిచాయి. మామూలు క్రాసు వంగి తిరిగితే ఒక్కో చుట్టులో వేగం రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది కనుక, బాగా వంగవలసిన ముందు చక్రానికి అది పనికిరాదు. 1920లలో అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా రూపొందించిన పద్ధతిలో, ఆరు ఉక్కు గోళీలు గాళ్లలో దొర్లుతూ, షాఫ్టు వంగినా వేగం మారకుండా చూస్తాయి. ఇదే సీవీ జాయింటు. దీనికి నిపుల్ ఉండదు. లోపలి గ్రీజును కాపాడేది మడతల రబ్బరు బూటు ఒక్కటే.

కాబట్టి గ్రీజు దానంతటది అయిపోదు. బూటు చిరిగితే చక్రం తిరిగే వేగానికి బయటికి చిమ్ముతుంది, ఆ ఖాళీలోకి దుమ్ము, నీరు చేరతాయి. ఆ మట్టితోనే గోళీలు దొర్లుతూ దొర్లుతూ గాళ్లలో గుంటలు పడతాయి. మీరు చెప్పిన టకటక ఆ గుంటల చప్పుడు. కొత్త గ్రీజు పెడితే నాలుగు రోజులు మెత్తబడవచ్చు గానీ అరిగిన ఉక్కు తిరిగి రాదు, జాయింటు మార్చవలసిందే.

అయితే చప్పుడు రాకముందే పట్టుకుంటే కథ వేరు. రెండేళ్ల కిందట నా చిన్న కారు ముందు చక్రం లోపలివైపు రిమ్ము మీద నల్లటి గ్రీజు చుక్కలు కనిపించాయి. ఒక గ్యారేజీలో చూపిస్తే, జాయింటు విప్పి చూడకుండానే షాఫ్టు మొత్తం మార్చాలన్నారు. నేను బూటు కిట్ కొని ఇంటి దగ్గరే పని మొదలుపెట్టాను. నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టును కాస్త వదులు చేసి, ఆ తరువాత బండిని లేపి స్టాండ్ల మీద నిలిపాను. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి వెళ్లడం ఎవరూ చేయకూడని పని. పాత గ్రీజును రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాను. ఎక్కడా గరగర తగల్లేదు, తుప్పు ఎరుపు లేదు. గోళీలను తీసి కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, గాళ్ల మీద గోరు నడిపితే ఎక్కడా ఆగలేదు. గోరు ఆగితే గ్రీజు ఆలోచన అక్కడితో మానుకోవాలి.

కేజ్ (గోళీలను పట్టి ఉంచే చట్రం), గోళీలు విప్పేముందు ఏది ఎటు ఉందో పెయింటుతో గుర్తు పెట్టుకోవడం మంచిది. గ్రీజును బొటనవేలితో గోళీల సందుల్లోకి నొక్కుతూ, అవతలివైపు నుంచి బయటికి వచ్చేదాకా నింపాలి. కిట్‌లో కొలిచి ఇచ్చిన దానిలో మిగిలినది బూటులో వేయాలి, అంతకుమించి కూరకూడదు. నేను ఇంత జాగ్రత్తగా చేసి, జాయింటును షాఫ్టు మీద పట్టి ఉంచే సర్‌క్లిప్పు టక్కుమని కూర్చున్నాక చూసుకుంటే, జాయింటు కంటే ముందే షాఫ్టుకు తొడగవలసిన, బూటును బిగించే చిన్న క్లిప్పు బల్ల మీదే ఉంది! మళ్లీ మొదటికి వచ్చాను. ఆ బండి ఇప్పటికీ స్టీరింగు పూర్తిగా తిప్పినా చప్పుడు చేయదు.

గ్రీజు విషయంలో మీ వ్యాసం మౌనంగా ఉంది. విడిగా తూచి అమ్మే పసుపుపచ్చ గ్రీజు వేరు, చక్రం వైపు ఉండే ఈ బయటి జాయింటుకు కావలసిన మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు వేరు. గోళీలు దొర్లడమే కాక ఒత్తిడితో జారుతాయి కూడా కనుక మామూలు గ్రీజు అక్కడ ఎక్కువకాలం నిలవదు. గేర్‌బాక్సు వైపు ఉండే జాయింటు చాలా కార్లలో మూడు రోలర్ల రకం. దానికి తయారీదారు చెప్పిన గ్రీజే వాడాలి.

మన ఊరి ఎండకు రబ్బరు మడతల్లో పగుళ్లు వస్తాయి, ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, బూటు చిరిగిన జాయింట్లలోకి నీటితోపాటు బురద కూడా చేరి ఉంటుంది. అటువంటి బండి కొనేవారు ముందుగా చూడవలసిన చోట్లలో ఇదొకటి.

మీ వ్యాసానికి సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. అలాగే ఆటోనగర్ గ్యారేజీల వారు సర్వీసు జాబ్‌కార్డులో బూట్ల పరిస్థితికి ఒక వరుస కేటాయించి, షాఫ్టు మార్చాలని చెప్పే ముందు జాయింటు విప్పి యజమానికి చూపించాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ.