మాట అందించని స్నేహితుడు

తల్లిదండ్రులకు నమస్కారం.

మొదటి యూనిట్ పరీక్ష జవాబు పత్రాలు ఈ వారం ఇళ్లకు పంపుతున్నాం. చూసి, సంతకం చేసి, సోమవారంలోగా తిప్పి పంపండి. మార్కుల గురించి ఈ నెల ఇంతకంటే రాయను.

ఐక్యరాజ్యసమితి 2011లో జూలై 30ని అంతర్జాతీయ స్నేహ దినంగా ప్రకటించింది. మన పిల్లలకు ఆ తేదీతో పని లేదు. ఇక్కడ ఆగస్టు మొదటి ఆదివారమే స్నేహితుల రోజు. ఆదివారం బడి ఉండదు కాబట్టి బ్యాండ్లు కట్టుకోవడమంతా శనివారమే అయిపోవాలి. మొన్న శనివారం ఆరో తరగతి అమ్మాయి ఒకతె మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టించుకుని, అవి తడవకుండా చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గర అవస్థ పడుతోంది. "పదిహేడు, మేడమ్" అంది గర్వంగా. ఏది ఎవరు కట్టారో చెప్పమంటే నాలుగింటి దగ్గర ఆగిపోయింది. నలుగురు తక్కువేమీ కాదన్నాను. అదే రోజు ఒక్క బ్యాండూ లేని చేతులు కూడా కొన్ని కనిపించాయి. కనిపించాయనడం తప్పు, అవి రోజంతా జేబుల్లోనే ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్న ఇద్దరి చేతులకూ బ్యాండ్లు లేవు. ఏడో తరగతి అబ్బాయిలు. వాళ్లలో ఒకరికి నత్తి ఉంది. హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తడమే తప్ప నోరు తెరవని పిల్లాడు. పోయిన నెల ప్రార్థనలో వార్తలు చదివే వంతు ఆ తరగతికి వచ్చినప్పుడు తనే చదువుతానన్నాడు. పక్కన స్నేహితుణ్ని నిలబడనివ్వాలి, అదొక్కటే షరతు.

మొదటి వార్త బాగానే సాగింది. రెండోదాంట్లో 'ప్రాజెక్టు' దగ్గర మాట ఆగిపోయింది. పెదవులు బిగుసుకున్నాయి, చేతిలో కాగితం వణుకుతోంది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మాట నేనే అందించబోయాను. ఇన్నేళ్లుగా పిల్లలకు మాట అందించడమే నా పని కదా! మైకు వైపు వంగానో లేదో, పక్కనున్నవాడు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, చిన్నగా. తర్వాత కాగితం అంచును రెండు వేళ్లతో పట్టుకున్నాడు, వణుకు ఆగేలా. అంతకు మించి ఏమీ చేయలేదు. కాసేపటికి 'ప్రాజెక్టు' వచ్చింది, దాని వెనకే 'గేట్లు ఎత్తివేత' చకచకా వచ్చేసింది.

తర్వాత వాణ్ని పిలిచి, ఎందుకు వద్దన్నావని అడిగాను. "అందిస్తే వాడికి కోపం వస్తుంది మేడమ్. మాట వాడి దగ్గరే ఉంటుంది, కొంచెం ఆగాలి" అన్నాడు. నత్తి ఉన్నవాళ్ల వాక్యాన్ని మనం పూర్తి చేయకూడదని, 'నెమ్మదిగా మాట్లాడు' అనడం కూడా సాయం కాదని స్పీచ్ థెరపిస్టులు చెబుతారు. నేనూ చదివాను. చదివి కూడా మైకు వైపు వంగాను. వాడికి అది ఒకే బెంచీ మీద మూడేళ్లు కూర్చోవడం వల్ల తెలిసింది.

ఇలాంటి జంటల్ని విడదీయమని ప్రతి జూన్‌లో నాకు చీటీలు వస్తాయి. 'మా బాబును బాగా చదివేవాళ్ల పక్కన కూర్చోబెట్టండి' అని. అందరి కోరికా తీర్చాలంటే మొదటి ర్యాంకు వచ్చే పిల్లకు నలభై పక్కలు ఉండాలి. పాఠానికి అడ్డం వచ్చే అల్లరి అయితే టీచర్లే స్థలం మారుస్తారు. మార్కులు చూసి మాత్రం మార్చం.

పిల్లల తగాదాల సంగతీ చెప్పాలి. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఇంకో అమ్మాయిని ఫోను గ్రూపులోంచి తీసేసింది. ఆ రాత్రే తల్లులు ఫోన్లో మాటామాటా అనుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నానికి పిల్లలిద్దరూ ఒకే డబ్బాలో ఆవకాయ అన్నం కలుపుకుని తింటున్నారు. తల్లులు మాత్రం ఇప్పటికీ గేటు దగ్గర ముఖాలు తిప్పుకుంటున్నారు. మన చిన్నప్పుడు పొద్దున 'పచ్చి' అనుకుంటే సాయంత్రానికి 'జట్టు' అయిపోయేది. కొన్ని ఊళ్లలో దాన్నే 'కటీఫ్' అనేవారు. ఆ మధ్యలో ఏం జరిగిందో మన అమ్మానాన్నలకు తెలిసేదే కాదు.

అయితే పెద్దలకు తెలిసి తీరాల్సినవీ ఉన్నాయి. తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు 'కర్ణుడు మంచి స్నేహితుడేనా?' అని చర్చ పెట్టారు. దాదాపు అందరూ అవునన్నారు. దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చాడు, యుద్ధానికి ముందు కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రాజ్యం ఇస్తామన్నా కర్ణుడు అతణ్ని విడవలేదు అని వాదించారు. ఒకమ్మాయి లేచి, "సభలో ద్రౌపదిని అవమానిస్తుంటే 'వద్దు మిత్రమా' అని ఒక్క మాట అనాల్సింది. అనకపోగా ఇంకా రెచ్చగొట్టాడు" అంది. మాస్టారు తీర్పు చెప్పకుండా వదిలేశారు. మంచి పని చేశారు.

ఇంట్లో మీరూ ఆ చర్చ పెట్టండి. స్నేహితుణ్ని ఎవరైనా కొడుతున్నా, బెదిరించి డబ్బులు అడుగుతున్నా, తాకకూడని చోట తాకుతున్నా, లేదా తనకు బతకాలని లేదని స్నేహితుడే అన్నా, ఎవరికీ చెప్పనని ఒట్టు వేసినా సరే, పెద్దవాళ్లకు చెప్పాలని పిల్లలకు తెలియాలి. చెప్పిన పిల్లను 'చాడీలు చెబుతావా' అని కసిరితే మళ్లీ చెప్పదు. పిల్లల సహాయానికి 1098 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం. మెట్ల దగ్గర బోర్డు మీద రాయించాం. మీ ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట రాసి పెట్టండి.

వచ్చే సోమవారం వార్తల వంతు మళ్లీ ఏడో తరగతిదే, చదివేది ఆ అబ్బాయే. మొదటి పీరియడ్ ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుందని టీచర్లకు ముందే చెప్పి ఉంచాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు