ప్యానెల్ వచ్చింది, నల్లబల్ల కూడా ఉంది

తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు నమస్కారం.

దసరా సెలవుల్లో 3, 4, 5 తరగతుల గదుల్లో టచ్ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెరలు, బిగించాం. అప్పటి నుంచి గేటు దగ్గర ఎవరు కనబడినా రెండే ప్రశ్నలు. "ట్యాబ్‌లు ఎప్పుడిస్తారు మేడమ్?" అని కొందరు, "ఇంట్లో ఫోన్ చాలదని బడిలో కూడా టీవీయేనా?" అని ఇంకొందరు. ఇద్దరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ట్యాబ్‌లు ఇవ్వం. ఈ వయసులో ఎవరి తెర వాళ్లకిస్తే పక్కవాడితో మాట్లాడటం ఆగిపోతుంది. క్లాసంతా కలిసి చూసే తెర ఒకటుంటే చాలు. అది కూడా టీచర్ చాక్‌పీసుతో చూపించలేని విషయానికే. ఎక్కాలకు, గుణింతాలకు, చేతిరాతకు ప్యానెల్ అక్కర్లేదు. ఒకటి, రెండు తరగతుల్లో అసలు పెట్టలేదు. వాళ్లకు పలక, పూసలు, కథలు ఉన్నాయి.

మరి దేనికి వాడుతున్నామంటే, పోయిన వారం నాలుగో తరగతిలో జరిగింది చెబుతాను. పాఠం నదుల గురించి. స్వర్ణముఖి మన పిల్లలకు ఏడాదిలో చాలా నెలలు ఇసుకగానే తెలుసు. టీచర్ భూమిని పైనుంచి తీసిన ఫొటోల్లో చూపించే గూగుల్ ఎర్త్ తెరిచి చంద్రగిరి వైపు కొండల దగ్గర మొదలుపెట్టి, తొండవాడ మీదుగా, శ్రీకాళహస్తి గుడి పక్కగా, బంగాళాఖాతం దాకా నదిని వేలితో జరుపుకుంటూ పోయారు. "మిస్, మా అవ్వాళ్ల ఊరి పక్కనే పోతా ఉంది!" అని ఒక పాప బెంచీ ఎక్కినంత పని చేసింది. ఆ తర్వాత టీచర్ చేసిన పని నాకు బాగా నచ్చింది. ప్యానెల్ ఆపేసి, చూసిన దారిని గుర్తున్నంత వరకు నోట్‌బుక్‌లో గీయమన్నారు. ఒకడు నదిని నేరుగా తిరుమల కొండెక్కించాడు. తెర చూపించింది కొద్ది నిమిషాలే. ఆ బొమ్మల మీద వాదులాట మాత్రం పీరియడంతా సాగింది.

ఐదో తరగతిలో భిన్నాలకు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ (PhET) అనే, తెర మీద కదిలించగల బొమ్మలు వాడుతున్నాం. ఉచితం. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి. వృత్తాన్ని నాలుగు ముక్కలు చేసి మూడు లాగి పెడితే, అదే మూడు బై నాలుగు సంఖ్యారేఖ మీద ఎక్కడుంటుందో కూడా చూపించవచ్చు. కానీ ముందు రోజు కాగితం మడిచి, కత్తిరించిన పిల్లలకే అది సులువుగా ఎక్కుతోందని లెక్కల టీచర్ అంటున్నారు. అందుకే కాగితం ముందు, తెర తర్వాత.

కళ్ల గురించి చాలామందికి టెన్షన్ ఉంది. ఉండాల్సిందే. 5 నుంచి 10 ఏళ్ల పిల్లలు రోజు మొత్తం మీద తెర ముందు గడిపేది 2 గంటల లోపే ఉండాలని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ఆ 2 గంటల్లో మీ ఇంటి టీవీ, ఫోన్, మా ప్యానెల్ అన్నీ కలిపే మేము లెక్క వేసుకుంటున్నాం. మేము ఒక పీరియడ్‌లో ఇరవై నిమిషాలు దాటనివ్వం. ఆటల పీరియడ్‌ను తీసి ప్యానెల్‌కు ఇవ్వడం జరగదు. రోజూ బయటి వెలుతురులో ఆడే పిల్లలకు దూరపు చూపు మందగించే ప్రమాదం తగ్గుతుందని కంటి వైద్యులు చెబుతూనే ఉన్నారు.

ఇక మీ వైపు నుంచి కావలసినవి. ఈ నెల నుంచి హోంవర్క్ వాట్సాప్‌లో రాదు, డైరీలోనే రాసి పంపుతాం. "హోంవర్క్ చూడాలి, ఫోన్ ఇవ్వమ్మా" అనే మాట ఎక్కడ మొదలై ఏ రీల్స్ దగ్గర తేలుతుందో మీకు నేను చెప్పాలా! పాఠం మళ్లీ చూపించాలనుకుంటే పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వం వాళ్ల దీక్షా యాప్‌తో స్కాన్ చేయండి. పక్కన కూర్చుని చూడండి, ఫోన్ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లకండి. ఇంగ్లీషు రాదని వెనకాడే అమ్మలకు ఒక మాట. పాఠ్యపుస్తకంలో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి. తెలుగు పేజీ మీరు చదవండి, ఇంగ్లీషు పేజీ పిల్లల చేత చదివించండి. ఏ యాప్ కంటే కూడా నాకు ఇదే ఇష్టం.

ఇంకొకటి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల పేరు, పుట్టిన తేదీ అడిగే యాప్ ఏదీ మేము క్లాసులో వాడటం లేదు. వార్షికోత్సవం ఫొటోలు తీసేముందు కూడా మీ సంతకం అడుగుతాం. ఇతరుల పిల్లలు పడిన ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి, దయచేసి.

వచ్చే శనివారం మధ్యాహ్నం 3 గంటలకు నాలుగో తరగతి గదిలో ప్యానెల్ ఎలా వాడుతున్నామో చూపిస్తాం. అవ్వాతాతలు కూడా రావచ్చు, కింది గదే కాబట్టి మెట్లు ఎక్కే పని లేదు. ఈ ఉత్తరం కింద ఉన్న ఫొటోల అనుమతి పత్రం చింపి, ఔను లేదా కాదు అని రాసి, శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు పంపండి. కాదన్నా పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి