పుదుచ్చేరి కళా, సంస్కృతి శాఖ మంత్రి గారికి: ఆనందరంగ పిళ్ళై ఇంటి దూలాలు చూపించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. యానాం వాళ్ళకి పుదుచ్చేరి అంటే ముందు గుర్తొచ్చేది ఆఫీసు పని. సంతకం కోసమో, సర్టిఫికెట్ కోసమో ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు వస్తాం. పని తెమిలితే సాయంత్రం బీచ్ రోడ్డు, రాత్రికి బస్సు. నేను మాత్రం వచ్చినప్పుడల్లా పెద్ద మార్కెట్ పక్కన రంగపిళ్ళై వీధిలోకి ఓసారి వెళ్తాను. ఆ అంగళ్ళ రద్దీలో ఉన్న ఆనందరంగ పిళ్ళై ఇంటి గురించే ఈ లేఖ.

1738 నాటిదని చెప్పే ఈ ఇల్లు ఊళ్ళో మిగిలిన అతి పాత ఇళ్ళలో ఒకటి. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా, అంటే రెండు భాషల మధ్య మాట చేరవేసేవాడిగా, చేసిన పిళ్ళై 1736 నుంచి దాదాపు పాతికేళ్ళు తమిళంలో దినచర్య రాశారు. 1761 జనవరిలో ఆయన పోయారు. అదే నెలలో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది, తర్వాత కోటనీ బంగళాలనీ నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో ఇప్పుడు జనం ఫోటోలు దిగే పసుపు గోడలు ఆ తర్వాత లేచినవే. వైట్ టౌన్‌నీ తమిళుల పేటనీ విడదీసే కాలువకి ఇవతల ఈ ఇల్లు మాత్రం నిలిచింది. కింద చెక్కడపు పని చేసిన కర్ర స్తంభాలు, మన పాత లోగిళ్ళ తీరు. పై అంతస్తులో తెల్లటి గచ్చు స్తంభాలు, పూర్తిగా ఫ్రెంచి వాటం. దుబాసీ ఇల్లు కదా, అది కూడా రెండు భాషలు మాట్లాడుతుంది.

తెలుగువాళ్ళకి ఇంకో లెక్క కూడా ఉంది. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథానికి పిళ్ళై పేరే పెట్టి ‘ఆనందరంగరాట్ఛందము’ అన్నాడు. గణాలూ యతులూ చెప్పే తెలుగు పుస్తకం పుదుచ్చేరి దుబాసీ పేరు మీద ఉందని మా యానాంలోనే ఎంతమందికి తెలుసు?

నా టెన్షన్ అంతా పైకప్పు గురించి. ఆ కాలపు మిద్దెలు టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు పేర్చి, గానుగ సున్నంతో వేసినవి. పైన గచ్చు ఒక్కచోట బీటలిస్తే చాలు, తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల వాన గోడలోకి దిగి దూలం కొస దగ్గర నిలుస్తుంది. కొస పుచ్చిపోయేదాకా కింద నిలబడ్డవాడికి ఏమీ తెలియదు. సిమెంటు పూస్తే ఇంకా చేటు, లోపలి తడి బయటికి పోదు. 2014 నవంబరు వానలకి పాత మునిసిపల్ భవనం మేరీ కూలింది గుర్తుందా? అదే నమూనాలో మళ్ళీ కట్టి 2021లో ప్రారంభించారు. బాగానే ఉంది. కానీ 1738 నాటి మిద్దెని ఏ కాంట్రాక్టరూ కొత్తగా కట్టలేడు.

ఇల్లు ప్రైవేటు ఆస్తి, ఆ సంగతి తెలుసు. ఇంటివాళ్ళకి నోటీసులు పంపమని నేను అడగడం లేదు. వాళ్ళు ఇన్నాళ్ళూ నిలబెట్టారు, దండం పెట్టాలి. ముందు వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. ఈ వానాకాలం రాకముందే సున్నం పని తెలిసిన ఇంజనీరునీ, ఒక మంచి వడ్రంగినీ పంపి ప్రతి దూలం కొసా తట్టి చూపించండి. వాళ్ళిచ్చే నివేదిక బీరువాలో పెట్టకుండా అందరికీ కనిపించేలా పెట్టండి. మరమ్మతు ఖర్చులో ప్రభుత్వం వాటా భరిస్తే, బదులుగా నెలకో రోజైనా జనాన్ని లోపలికి రానివ్వమని ఇంటివాళ్ళని అడగొచ్చు. కుదరదంటే బలవంతం వద్దు. వైసియాల్ వీధిలో, పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళతో కలిసి పాత ఇళ్ళ ముఖాలు, అరుగులు బాగుచేసిన అనుభవం మీ ఊరికి ఉంది.

వీధిలో పెట్టే బోర్డు మీద తమిళం, ఫ్రెంచి, ఇంగ్లీషుతోపాటు తెలుగూ ఉండాలి, అందులో రంగకవి పేరు రావాలి. కేరళ వైపున్న మన మాహే వాళ్ళు అడిగితే మలయాళం కూడా వేయించండి, మాకేం అభ్యంతరం లేదు.

ఈ లేఖ ప్రతి ఒకటి యానాం పరిపాలనాధికారి కార్యాలయంలో ఇస్తున్నాను. జవాబు తమిళంలో వచ్చినా సరే, చదివించుకుంటాను.

ఇట్లు,
యానాం పౌరుడు ఒకరు